తెల్ల కారు టాప్ మీద పెయింట్ పెచ్చులుగా ఎందుకు ఊడుతుంది? ఏ పొర దగ్గర విడిపోయిందో చూస్తే తెలుస్తుంది

కొండాపూర్‌లో నీడలేని పార్కింగ్‌లో నిలిపే మీ అయిదున్నరేళ్ల తెల్ల కారుకు ముందు అద్దం పైనున్న టాప్ అంచు దగ్గర పెయింట్ లేవడం మొదలైందనీ, ఈ వానాకాలంలో అది అరచేయంత పెచ్చులుగా ఊడిపోతోందనీ, కింద నున్నటి బూడిద రంగు కనిపిస్తోందనీ రాశారు. పావురాల రెట్టల వల్లే ఇలా అయింది కాబట్టి వారంటీ వర్తించదని షోరూమ్ వారు చెప్పారనీ, మీ నాన్నగారి అంబాసిడర్‌కు ఎన్నేళ్లయినా ఇలాంటిది జరగలేదనీ, కొత్త కార్ల పెయింటే నాసిరకమా అనీ అడిగారు. మీరు పెట్టిన ఫొటోలు చూశాను. కార్ల పెయింట్ లోపాలు చూడడమే నా వృత్తి కనుక కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను.

మొదట రెట్టల సంగతి తేల్చేద్దాం. పక్షి రెట్ట పెయింట్‌కు హాని చేసే మాట నిజమే. ఎండలో వేడెక్కిన క్లియర్ కోట్ (రంగు మీద ఉండే రంగులేని పైపొర) కొంచెం మెత్తబడి వ్యాకోచిస్తుంది, అదే సమయంలో రెట్ట ఎండి గట్టిపడుతుంది, సాయంత్రం చల్లబడినప్పుడు క్లియర్ ఆ గరుకు ఆకారం చుట్టూ బిగుసుకుంటుంది, దానికి రెట్టలోని రసాయనాలు తోడై ఆ చోట కాంతి పోయిన మచ్చ ఏర్పడుతుంది. అయితే ఆ మచ్చ రెట్ట పడినంత మేరకే ఉంటుంది, పైపొరలోనే ఉంటుంది. రంగునూ క్లియర్‌నూ కలిపి, కింద బూడిద రంగు నున్నగా మిగిలేలా, కాగితం చించినట్టు లేపడం రెట్ట వల్ల అయ్యే పని కాదు. మీ ఫొటోలో పెచ్చు ఊడిన చోట అంచులు పదునుగా ఉన్నాయి, చుట్టూ ఉన్న క్లియర్ ఇంకా మెరుస్తూనే ఉంది. పై నుంచి తినుకుంటూ వచ్చిన నష్టం ఇలా కనిపించదు. పొరకూ పొరకూ మధ్య పట్టు పోయినప్పుడే ఇలా కనిపిస్తుంది.

ఈ పట్టు ఎక్కడ పోయిందో తెలియాలంటే ఫ్యాక్టరీలో పెయింట్ ఎలా వేస్తారో తెలియాలి. కారు బాడీని శుభ్రం చేశాక ముందుగా జింక్ ఫాస్ఫేట్ లాంటి రసాయనంతో లోహం మీద సన్నని స్ఫటికపు పొరను పెంచుతారు. ఆ తరువాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్ సాయంతో ఎపాక్సీ పూత పట్టేలా చేస్తారు. పెయింట్ షాపుల్లో దీన్ని ఈడీ కోట్ అంటారు. సుమారు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందముండే ఈ పూతను 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దాని మీద 30 నుంచి 40 మైక్రాన్ల ప్రైమర్ వేసి మళ్లీ కాలుస్తారు. ఆ పైన రంగునిచ్చే బేస్ కోట్ వేస్తారు, చివరగా 40 మైక్రాన్లకు అటూ ఇటూగా రంగులేని క్లియర్ కోట్ వేసి, రెండింటినీ కలిపి 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అన్నీ కలిపినా 100 నుంచి 140 మైక్రాన్లకు మించదు, అంటే మీ కారు పెయింట్ మొత్తం మందం రెండు తలవెంట్రుకలంత అనుకోవచ్చు.

ఒక్కో పొరకు ఒక్కో పని ఉంది. తుప్పును ఆపేది ఈడీ కోట్. లోహాన్ని గట్టిగా పట్టుకోవడంలోనూ, పెట్టెల్లాంటి లోపలి సందుల్లోకి చొరబడడంలోనూ దానికి సాటి లేదు. దాని బలహీనత ఒక్కటే, ఎపాక్సీ ఎండకు నిలవదు. అతినీలలోహిత కిరణాలూ, వాటికి ఆనుకుని ఉన్న ఊదారంగు కాంతీ తగిలితే దాని పైభాగం క్రమంగా పొడిగా మారిపోతుంది. అందుకే దానికి ఎండ తగలకుండా చూడడం పైపొరల బాధ్యత. క్లియర్‌లో కలిపే అతినీలలోహిత శోషకాలు కొంత ఆపుతాయి, బేస్ కోట్‌లోని రంగు కొంత ఆపుతుంది, మిగిలినదాన్ని ప్రైమర్ పూర్తిగా మింగేస్తుంది. రాళ్ల దెబ్బను ఓర్చుకోవడం ప్రైమర్‌కున్న రెండో పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కార్ల ఫ్యాక్టరీలో వాడే శక్తిలో అతి పెద్ద వాటా పెయింట్ షాపుదే, అందులోనూ రంగు కొట్టే స్ప్రే బూత్‌లదీ ఓవెన్లదీ. ఒక పొరనూ దాని ఓవెన్‌నూ తగ్గించగలిగితే స్థలం, కరెంటు, గ్యాసు, గాలిలోకి వెళ్లే ద్రావకాలు అన్నీ తగ్గుతాయి. అందుకే చాలా కంపెనీలు విడిగా ప్రైమర్ వేసి కాల్చే దశను తీసివేసి, ఆ పనిని బేస్ కోట్‌లోనే రెండు తడి పొరలకు అప్పగించే పద్ధతికి మారాయి. అది సరిగ్గా చేస్తే మన్నుతుంది. మన్నిన కార్లు నగరంలో లక్షల్లో తిరుగుతున్నాయి కనుక ఆ పద్ధతినే తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆ పద్ధతిలో పొరపాటుకు చోటు తక్కువ. ప్రైమర్ ఉన్నప్పుడు బేస్ కోట్ ఎక్కడైనా కొంచెం పలచబడినా ఈడీ కోట్‌కు ఎండ తగిలేది కాదు. ప్రైమర్ లేనప్పుడు, స్ప్రే రోబో అంచుల దగ్గర అయిదారు మైక్రాన్లు తక్కువ కొట్టినా ఆ లోటు కొన్నేళ్ల తరువాత టాప్ అంచున బయటపడుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1980ల చివర, 1990ల మొదట్లో అమెరికాలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ తయారుచేసిన ఎన్నో వాహనాలకు సరిగ్గా ఇలాగే పెయింట్ పలకలుగా ఊడింది. ప్రైమర్ లేకుండా ఈడీ కోట్ మీద నేరుగా రంగు వేయడం, ఆ రంగు గుండా దిగిన కాంతికి ఈడీ కోట్ పైభాగం చెడిపోవడం దానికి కారణమని తేలింది, ఫోర్డ్ మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. ఈ మధ్య కాలంలో టయోటా కూడా అమెరికా, ఆస్ట్రేలియాలలో కొన్ని మోడళ్ల తెల్ల రంగులకు ప్రత్యేకంగా వారంటీ ఇచ్చి తిరిగి పెయింట్ వేయించింది. అక్కడ ఎండ వల్ల ఈడీ కోట్‌కూ లోహానికీ మధ్యనే పట్టు తగ్గిందని ఆ సంస్థే ప్రకటించింది.

తెలుపుకే ఎందుకు ఎక్కువగా వస్తుందన్నది మీరు అడగలేదు కానీ అడగవలసిన ప్రశ్న. నల్ల రంగులోని కార్బన్ తన మీద పడిన కాంతిని మింగేస్తుంది. వెండి రంగులోని అల్యూమినియం రేకులు పొలుసుల్లా పరుచుకుని కాంతిని అడ్డుకుంటాయి. తెలుపులోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను బాగానే ఆపుతుంది గానీ, 400 నానోమీటర్లు దాటిన కాంతిని మింగదు, చెదరగొడుతుంది. చెదిరిన కాంతిలో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది, కొంత భాగం కిందికి దిగుతుంది. పొర మందంగా ఉంటే అలా దిగేది లెక్కలోకి రాదు, పలచగా ఉంటే వస్తుంది. కంటికి తెల్లగా, నిండుగా కనిపించిన పొర కింద కూడా ఈడీ కోట్‌కు కాంతి అందుతూ ఉండవచ్చు. ముత్యంలా మెరిసే పెర్ల్ వైట్‌లో అభ్రకం రేకులు అర్ధపారదర్శకాలు కనుక జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. తెల్ల కారు చల్లగా ఉంటుందన్న మాట వాస్తవమే, కానీ వేడి వేరు, కాంతి చేసే నష్టం వేరు.

హైదరాబాద్ విషయానికి వస్తే, మనం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం. మే నెల రెండో వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నపు సూర్యుడు నేరుగా నడినెత్తిన ఉంటాడు. తలుపుల మీద ఏటవాలుగా పడే ఎండ టాప్ మీదా బానెట్ మీదా నిటారుగా పడుతుంది. మీ కారుకు తలుపులు బాగుండి టాప్ మాత్రమే ఊడడానికి కారణం అదే. ఇక పెచ్చులు మేలో కాకుండా జూలైలో ఊడడం కూడా సహజమే. పట్టు ఎండలో పోతుంది, రాయి తగిలిన చిన్న గాటు గుండా వాన నీరు ఆ సందులోకి చేరి ఉబ్బిస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు గాలి ఆ అంచును పట్టి లేపుతుంది. పాత సున్నం గోడను గీకకుండా డిస్టెంపర్ వేసిన ఇళ్లలో మొదటి రెండు మూడు వానలకు ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు. కింది పొర పొడిగా ఉన్నప్పుడు పై పొర ఎంత మంచిదైనా నిలవదు.

మీ కారు విషయంలో ఇది ఊహ కాకూడదంటే మీరే చేయగల పరీక్షలు ఉన్నాయి. ఊడిన పెచ్చునొకదాన్ని జాగ్రత్తగా తీసి, వెనకవైపు తడి వేలితో గట్టిగా రుద్దండి. వేలికి బూడిద రంగు పొడి అంటితే, ఈడీ కోట్ పైభాగం పొడిగా మారి పెచ్చుతో పాటు లేచి వచ్చిందన్నమాట. అప్పుడు కారణం ఎండే, లోపం పొరల అమరికదే. వెనకవైపు శుభ్రంగా, అద్దంలా నున్నగా ఉండి, కింది బూడిద పొర కూడా గట్టిగా మెరుస్తూ ఉంటే, రంగు వేసే సమయానికి ఆ పొర అతిగా కాలిందో, దాని మీద మలినం ఉండిపోయిందో అనుకోవాలి. లైను ఆగినప్పుడు ఓవెన్‌లో చిక్కుకున్న బాడీలకూ, లోపం కనిపించి రెండోసారి రంగు కొట్టిన బాడీలకూ మధ్యలో సరిగా రాపిడి చేయకపోతే ఇలా అవుతుంది. ఇంతకంటే లోతుకు పోయి, పెచ్చు కింద లోహమే తళతళలాడుతుంటే ముందు చెప్పిన టయోటా తరహా సమస్య కావచ్చు, లేదా మొదటి రసాయన దశలోనే లోపం కావచ్చు.

తరువాత తలుపు తెరిచి గుమ్మం లోపలి పెయింట్‌నూ, డిక్కీ మూత కింద పెయింట్‌నూ చూడండి. అక్కడ ఎండ తగలదు. అక్కడ కూడా లేస్తుంటే తప్పు ఎండది కాదు, రసాయన దశది. అక్కడ గట్టిగా ఉండి టాప్ మీదే లేస్తుంటే ఎండ పాత్ర ఖాయం. ముందు అద్దం ఎప్పుడైనా మార్పించారా అన్నది కూడా చెప్పండి. పాత అద్దాన్ని కోసి తీసేటప్పుడు బ్లేడు టాప్ అంచును గీరడం, ఆ గీత నుంచి పెచ్చు మొదలవడం తరచుగా చూసేదే, అలాంటప్పుడు బాధ్యత అద్దం మార్చినవారి మీదికి వెళ్తుంది. మార్పించలేదంటే ఆ అనుమానం తీరిపోయినట్టే.

మూడో పరీక్షకు పెయింట్ మందం కొలిచే మీటరు కావాలి. పాత కార్లు కొనే వ్యాపారుల దగ్గరా, కోటింగ్ సెంటర్లలోనూ అది ఉంటుంది. టాప్ మీద నాలుగైదు చోట్ల, టాప్‌ను మోసే పక్క స్తంభాల మీద, బానెట్ మీద కొలిపించండి. 100 నుంచి 140 లోపు వస్తే అది ఫ్యాక్టరీ పెయింట్. 200 దాటితే మళ్లీ రంగు వేశారని అనుమానించాలి, 500 దాటితే కింద పుట్టీ ఉంది. రవాణాలోనో యార్డులోనో గీతలు పడిన కార్లకు టచప్ చేసి కొత్తవిగా ఇచ్చిన సంఘటనలు లేకపోలేదు. బాడీ షాపులో రంగు 60 డిగ్రీల దగ్గరే కాలుతుంది కనుక రాపిడిలో ఏమాత్రం బద్ధకించినా ఆ ప్యానెల్ ముందుగా ఊడుతుంది. టాప్ మీద 90 కంటే బాగా తక్కువ వచ్చినా ఆ అంకెలను రాసి పెట్టుకోండి, మీకు అదే బలమైన ఆధారం.

ఇది చదివే ఇతరుల కోసం ఇంకో రెండు రకాలు చెబుతాను, ఎందుకంటే అన్నిటినీ పెయింట్ ఊడిందన్న ఒకే మాటతో చెప్పేస్తుంటారు. మొదటిది క్లియర్ ఒక్కటే లేవడం. ఇందులో పెచ్చు పారదర్శకంగా ప్లాస్టిక్ పొరలా ఉంటుంది, కింద రంగు మిగిలే ఉంటుంది కానీ వెలిసిపోయి సున్నంలా ఉంటుంది. క్లియర్‌లోని శోషకాలు ఏళ్ల తరబడి ఎండకు ఖర్చయిపోవడం దీనికి సహజ కారణం. మనం చేతులారా తెచ్చుకునే కారణం రబ్బింగ్ పాలిష్. ఒక్కోసారి కంపౌండ్ పెట్టి మెషీన్ తిప్పితే రెండు మూడు మైక్రాన్ల క్లియర్ పోతుంది. మొత్తం ఉన్నదే 40 అయినప్పుడు ప్రతి సర్వీసుకూ ప్యాకేజీలో ఉంది కదా అని పాలిష్ చేయించుకోవడం డబ్బిచ్చి కారు పెయింట్ ఆయుష్షు తగ్గించుకోవడమే. రెండోది బంపర్. పాలీప్రొపిలీన్ బంపర్ మీద ఏ పెయింటూ తనంతట తాను అంటుకోదు. మంటతో ఉపరితలాన్ని మార్చడమో, పట్టునిచ్చే ప్రత్యేక ప్రైమర్ వేయడమో తప్పనిసరి. బంపర్‌ను విడిగా, తక్కువ వేడిలో పెయింట్ చేస్తారు కనుక దాని పెచ్చు గురించి బాడీతో కలిపి వాదించకండి. ఒకసారి గుద్దుకుని రంగు వేయించిన బంపర్ అయితే ఆ ప్రైమర్ ఎగ్గొట్టారన్నదే మొదటి అనుమానం.

అంబాసిడర్ సంగతి. పాత ఎనామెల్ పెయింట్లలో క్లియర్ లేదు, పై నుంచి కింది దాకా రంగే. అందువల్ల కాంతి లోపలికి దిగేది కాదు, ఎండకు పైపైన పొడిబారేది, పాలిష్ చేస్తే కింద కొత్త రంగు బయటపడేది. అది పొరలుగా ఊడేది కాదు, వెలిసి అరిగిపోయేది. అయితే ఆ కార్ల తలుపుల అడుగు భాగాలు, ఫుట్‌బోర్డులు తుప్పుపట్టి ఎలా చిల్లులు పడేవో కూడా మీ నాన్నగారిని అడగండి. ఇవాళ్టి కారు బాడీకి తుప్పు ఆలస్యంగా రావడానికి కారణం మీ టాప్ మీద బయటపడిన ఆ బూడిద పొరే. నీళ్ల ఆధారిత పెయింట్ వచ్చాకే ఇదంతా మొదలైందని డెంటింగ్ షెడ్లలో తరచుగా వినబడుతుంది. ద్రావకం బదులు నీరు వాడినంత మాత్రాన పట్టు తగ్గదు, ఆరాక ఆ నీరు అక్కడ ఉండదు. మార్పు వచ్చింది పొరల సంఖ్యలోనూ మందంలోనూ.

షోరూమ్ వారితో ఇక నోటిమాటలు వద్దు. పెచ్చుల ఫొటోలు, మీటరు అంకెలు, గుమ్మం లోపలి పెయింట్ ఫొటోలు జతచేసి, రెట్టల వల్ల ఏ పొర దగ్గర ఎలా విడిపోయిందో లిఖితపూర్వకంగా వివరించమని కంపెనీకి నేరుగా ఈమెయిల్ పెట్టండి. వారంటీ గడువు దాటినా, తయారీ లోపమని తేలిన చోట సౌజన్యం పేరుతో ఖర్చులో కొంత భరించే కంపెనీలు ఉన్నాయి, అడగనివారికి అది దక్కదు. దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వెళ్లాలి కనుక, పెచ్చు మొదట ఎప్పుడు కనిపించిందో, సర్వీస్ సెంటర్‌లో ఎప్పుడు చూపించారో జాబ్ కార్డులతో సహా దాచండి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే నమూనాను ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. అందుకే రాలిన పెచ్చులను పారేయకుండా కవర్లో పెట్టి ఉంచండి, తేల్చుకునేదాకా టాప్‌కు రంగు వేయించకండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు, కాలక్రమంలో వచ్చే అరుగుదల పాలసీలో ఉండదు.

చివరికి సొంత ఖర్చుతోనే చేయించవలసి వస్తే, ఊడిన మేరకు టచప్ చేస్తామన్నవారిని ఒప్పుకోకండి. పక్కనున్న పెయింట్ కూడా అదే పొడి మీద నిలబడి ఉంది, అది వచ్చే ఏడాది కొత్త రంగును కూడా పట్టుకుని లేస్తుంది. టాప్ మొత్తం గీకించాలి. గీకాక అంచు దగ్గర బలమైన టేపు అతికించి ఒక్కసారిగా లాగమనండి, టేపుతో పెయింట్ ఏమాత్రం ఊడిరాని చోటు వచ్చేదాకా గీకుతూ పోవాలి. లోహం బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు భాగాల ప్రైమర్, ఆ పైన రంగు, క్లియర్ అన్నది క్రమం. యాసిడ్ ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కొరికి పట్టు తెచ్చుకునే రకం) వాడితే దాని మీద నేరుగా పుట్టీ పెట్టనివ్వకండి. ఇంకొకటి చాలామంది పట్టించుకోనిది ఉంది. మన షెడ్లలో వాటర్ పేపర్ రాపిడికి బోరు నీళ్లు వాడతారు. ఆ నీటిలోని ఉప్పు లోహం మీద ఎండిపోయి, పైన రంగు పడ్డాక తేమను లాక్కుని, తరువాతి వానాకాలానికి సన్నని పొక్కులుగా పైకి తేలుతుంది. ఉత్త లోహం మీద పొడి రాపిడి చేయమనండి, లేదంటే చివరగా ఫిల్టర్ నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ద్రావకంతో తుడవమనండి. టాప్ బీడింగులు, యాంటెన్నా విప్పించి రంగు వేయించండి, వాటి చుట్టూ టేపు అంటించి కొడితే అక్కడే మళ్లీ అంచు ఏర్పడుతుంది. క్లియర్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, కాబట్టి గుడ్డ మాస్కుతో స్ప్రే చేసే షెడ్ కంటే గాలి గొట్టమున్న మాస్కూ, స్ప్రే బూత్ కూడా ఉన్న చోటును ఎంచుకోవడం పెయింటర్ ఊపిరితిత్తులకూ మీ టాప్‌కూ మంచిది.

బానెట్‌కూ తలుపులకూ ఇప్పుడే సిరామిక్ కోటింగ్ చేయించనా అని అడిగారు. అది అతి పలచని పూత, కడగడం సులువవుతుంది, కింద పోయిన పట్టును తిరిగి తేలేదు. పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే పారదర్శక రక్షణ ఫిల్మ్) మాత్రం ప్రస్తుతానికి అసలు వేయించకండి. టాప్‌కు ఈ లోపం ఉందంటే బానెట్‌కు కూడా ఉండే అవకాశం ఉంది, రేపు ఆ ఫిల్మ్ తీసేటప్పుడు జిగురుతో పాటు పెయింట్ కూడా లేచి వస్తుంది, అప్పుడు లోపం కంపెనీదా ఫిల్మ్ వేసినవారిదా అన్న మరో తగాదా మొదలవుతుంది. బానెట్ మీది రాయి గాట్లకు మాత్రం టచప్ పెన్నుతో చుక్క పెట్టి మూసేయండి, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నాజిల్‌ను ఆ గాట్లకు దూరంగా పట్టమని చెప్పండి.